అత్తయ్య తోమేసిన రాగి

మొన్న మా తమ్ముడి మనవరాలు నాలుగు రోజులు సెలవు పెట్టుకుని హైదరాబాదు నుంచి యానాం వచ్చింది. అక్కడేదో మందుల కంపెనీ ప్రయోగశాలలో దానికి ఉద్యోగం. సాయంత్రం గోదావరి గాలి తగిలేలా వరండాలో కుర్చీలు వేసుకుని కూచున్నాం, ఇక అది గుక్కతిప్పుకోకుండా ఒకటే చెప్పడం. ఆల్కహాల్‌ని కీటోన్‌గా మార్చడానికి ఇన్నాళ్ళూ బంగారంతో పోటీపడే ఖరీదైన లోహాలు వాడేవారట, ఇప్పుడు వీళ్ళు రాగి లాంటి చవక లోహంతోనే ఆ పని కానిచ్చేశారట, ఆ సంబరంలో ఆఫీసులో కేకు కూడా కోశారట. వింటూ వింటూ నేను ఒక్కసారిగా పకపకా నవ్వేసరికి చేతిలో టీ కాస్తా చీర మీద ఒలికింది. పాపం, పిల్ల మొహం చిన్నబోయింది. పెద్దావిడకి మతి గాని తప్పిందా అనుకుందో ఏమో! నిన్ను చూసి కాదే తల్లీ నవ్వింది, ఈ పని మేం యాభైల్లోనే, ఇదే ఊళ్ళో, పెరట్లో ఊక పొయ్యి మీద చేశాం అని చెప్పినా అది నమ్మలేదు. మీలో నా ఈడు వాళ్ళు నమ్ముతారన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

ఆల్కహాల్ అనగానే మా ఊరి సారా దుకాణాలు గుర్తొచ్చి ముసిముసిగా నవ్వుకుంటున్నారేమో, కాస్త ఆగండి. రసాయనశాస్త్రంలో ఆల్కహాలంటే పెద్ద కుటుంబం, సారా అందులో ఒక్క పిల్ల మాత్రమే. ఆ కుటుంబంలోనే కొన్నిటి దగ్గర్నుంచి రెండు హైడ్రోజన్ పరమాణువులు లాగేస్తే మిగిలేది కీటోన్. ఇంతే సంగతి, దీనికి బెదిరిపోనక్కర్లేదు. మనం దేవుడికి హారతిచ్చే కర్పూరం ఉంది చూశారూ, అదీ ఒక కీటోనే. నేను చెప్పబోయేది ఆ కర్పూరం గురించీ, దాన్ని ప్రాణంలా చూసుకున్న మా అత్తయ్య గురించీ.

అప్పట్లో మా ఇల్లు ఫరంపేటలో ఉండేది. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో మా ఊరికి సుంకాల బాధ లేదు కనక పుదుచ్చేరి మీదుగా వచ్చే పరదేశపు సరుకు చవగ్గా దొరికేది. అత్తరు సీసాలూ సీమ సబ్బులూ గొడుగులూ, వాటితోపాటు చెక్కపెట్టెల్లో ముడి కర్పూరమూ వచ్చేవి. నాన్నగారు మిగతావన్నీ కొన్నట్టే అమ్మేసేవారు గాని కర్పూరం మాత్రం మా పెరటిలో ఒక చుట్టు తిరిగి బిళ్ళలై బయటికి వెళ్ళేది. ఆ చుట్టు తిప్పేది మా అత్తయ్య, అంటే నాన్నగారి చెల్లెలు. ఆవిడ పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఎవరి కంటా పడకుండా వెనక గదిలో మూల కూచునేదని మా అమ్మ చెప్పేది. ఒకనాడు కర్పూరం పని చేసే మనిషి రాకపోతే కుండ పొయ్యి మీదికి ఎక్కించడానికి తను లేచిందట. అంతే, ఆ లేచిన మనిషి మళ్ళీ కూచోలేదు.

ముడి కర్పూరాన్ని కుండలో వేసి, దాని మూతి మీద ఇంకో కుండ బోర్లించి, గుడ్డపేలికకి బంకమట్టి పూసి సందు కనపడకుండా చుట్టి, కింద ఊక పొయ్యి పెడితే, కల్తీ అంతా అడుగున ఉండిపోయి కర్పూరం ఆవిరై పై కుండకి మంచులా పట్టుకునేది. దాన్ని గీకి, ఇనుప మరలో వేసి, పిడి తిప్పితే బిళ్ళ. చల్లారాక పై కుండ విప్పేటప్పుడు నేను చిన్నతనంలో పక్కనే కాచుకుని ఉండేదాన్ని. ఆ తెల్లదనం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా ఇంట్లో చీరలూ జుట్టూ ఆఖరికి ఆవకాయ జాడీ కూడా కర్పూరం వాసనే వేసేవి. బళ్ళో నన్ను హారతిపళ్ళెం అని ఏడిపించేవారు.

అత్తయ్య నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, పట్టింపులు ఆ రెండింటికన్నా పెద్దవి. అన్నిటికన్నా పెద్ద పట్టింపు తోమడం. మా ఇంట్లో రాగిచెంబు మీద చిన్న మచ్చ కనపడితే చాలు, చింతపండూ ఉప్పూ బూడిదా పట్టుకుని బావి దగ్గర చతికిలబడేది, అది తళతళలాడితే గాని లేచేది కాదు. ఊళ్ళోవాళ్ళకి హారతి కర్పూరం చేసిచ్చే ఆవిణ్ణి మా ఇంట్లో హారతి వెలిగించనిచ్చేవారు కాదు, విధవ చెయ్యి తగలకూడదని. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆవిడ మాత్రం నవ్వేసేది. వెలిగించడం ఎవరైనా వెలిగిస్తారే, చెయ్యడం వచ్చా ఒక్కరికైనా, అనేది.

దొరలు వెళ్ళిపోయారు. జెండా మార్చిన రోజున గొంతులు బొంగురుపోయేలా మేమంతా పాడాం, మిఠాయిలు పంచుకున్నాం, నాన్నగారైతే కొత్త పంచె కట్టుకుని ఊరంతా తిరిగొచ్చారు. సంతోషం సంతోషమే గాని, సుంకం లేని సరుకు మీద నడిచిన ఆయన వ్యాపారం మాత్రం చిక్కిపోతూ వచ్చింది. మరుసటి ఏడు పుదుచ్చేరిలో ఒక దొరల కొట్టు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతోందని తెలిసి, ఆయన వెళ్ళి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, వాళ్ళ దగ్గర మిగిలిన కర్పూరం పెట్టె ఒకటి కొనుక్కొచ్చారు. మనిషి పొడవు పెట్టె, లోపల తగరపు రేకు, బయట ఎర్రలక్క ముద్రలు. పైన ఫ్రెంచిలో బోర్నియో కర్పూరమని రాసి ఉంటే, అంత దూరదేశం పేరున్న సరుకు మామూలుదాని కన్నా గొప్పదయి ఉంటుందని ఆయన మురిసిపోయారు. మా ఊళ్ళో ఫ్రెంచి చదువుకున్నవాళ్ళకి ఆ ముద్రలంటే అంత నమ్మకం. కొనే ముందు ఒక ముక్క వెలిగించి చూశావా అన్నయ్యా అని అత్తయ్య అడిగితే ఆయనకి కోపం వచ్చింది.

"దొరల ముద్రున్న పెట్టెని అక్కడే పగలగొట్టి అగ్గిపుల్ల పెడతానా? వాళ్ళేమనుకుంటారే? పరువు పోదూ?"

ఆ పరువే మా కొంప ముంచింది. మర్నాడు అత్తయ్య మర తిప్పితే బిళ్ళ బయటికి వస్తూనే విరిగి పిండిపిండిగా రాలిపోయింది. కర్పూరానికి కాస్త జిగి ఉంటుంది, నొక్కితే ముద్ద కడుతుంది. ఇదేమో పటుక్కున చిట్లిపోతోంది. వాసన కర్పూరానిదే గాని వెనకాల మిరియాల ఘాటు ఒకటి తగుల్తోంది. వెలిగిస్తే బద్ధకంగా అంటుకుని నల్లగా పొగ కక్కింది. ఆఖరుకి అత్తయ్య తన పాత పరీక్ష చేసింది. అసలైన కర్పూరం రవ్వల్ని శుభ్రమైన నీళ్ళ మీద చల్లితే అవి మునగవు, పైపైన గిర్రుగిర్రున తిరుగుతాయి, చిన్నపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గంతులేస్తాయి. ఈ రవ్వలు మాత్రం వేసినవి వేసినట్టు అడుగుకి పోయాయి. నాన్నగారు ఆ పళ్ళెంలోకి చూసి లేచి వెళ్ళిపోయారు. తిరిగి ఇద్దామంటే అమ్మిన దొరలు అప్పటికే ఓడెక్కేశారు.

ఆ వారంలోనే నాన్నగారు తేల్చేశారు. ఇక మన ఇంట్లో కర్పూరం పని లేదు, మర తీసి మూల పడెయ్యమన్నారు. అంతటితో ఆగితే ఎలాగో తట్టుకునేవాళ్ళం. అత్తయ్య అత్తవారిది దరియాలతిప్ప, కొబ్బరితోటల వాళ్ళు. ఆవిడ బావగారి, అంటే భర్త అన్నగారి, ఇంట్లో కోడలు పురిటికి వెళ్ళిందనీ, వండిపెట్టడానికి మనిషి లేదనీ, మా మరదలు మీ ఇంట ఖాళీగానే ఉంటే మా ఇంటికి పంపమనీ ఎన్నాళ్ళుగానో కబుర్లు వస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆవిడకి ఇక్కడ చేతినిండా పనుందండీ అని నాన్నగారు తప్పించుకునేవారు, ఇప్పుడు చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. సరేనన్నారు. అమావాస్య వెళ్ళాక వచ్చే గురువారం స్వయంగా వచ్చి తీసుకెళ్తానని బావగారు కబురంపారు. అత్తయ్య నోరెత్తలేదు. అంత నోరున్న మనిషి మాట్లాడకపోయేసరికి ఇల్లంతా బావురుమన్నట్టయింది. ఆవిడ అక్కడికెళ్తే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. ఏళ్ళ కిందట లేచిన ఆ మూలలోకే మళ్ళీ వెళ్ళి కూచోవాలి, పైగా పరాయి పొయ్యి ముందు.

నేనప్పటికి కాకినాడలో బీయస్సీ ముగించి, మా ఊరి ఆడపిల్లల బళ్ళో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. అసలు నన్ను కాకినాడ పంపమని నాన్నగారితో పోట్లాడింది కూడా అత్తయ్యే. ఆవిడ వెళ్ళిపోతుందంటే నాకు అన్నం సహించలేదు. ఆ పెట్టె దగ్గర కూచుని తెల్లటి ఆ రవ్వలు చేతిలోకి తీసుకుని వాసన చూస్తూ, మిరియాల ఘాటు, బోర్నియో, మిరియాల ఘాటు, బోర్నియో అని గొణుక్కుంటుంటే ఒక్కసారిగా మెదడులో దీపం వెలిగింది. బోర్నియాల్! ఇది కర్పూరం కాదు, కర్పూరానికి తోబుట్టువు, ఆల్కహాల్ కుటుంబంలోది. రెండు హైడ్రోజన్లు ఎక్కువున్నాయి, అంతే తేడా! ఆ రెండింటినీ ఊడబెరికితే అచ్చమైన కర్పూరమే! నేను పెరట్లోకి పరుగెత్తి అత్తయ్యని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. దీనికేదో దెయ్యం పట్టిందే అని మా అమ్మ కంగారుపడి విభూతి తెచ్చింది.

ఊడబెరకడం మాత్రం ఎలా? కాలేజీలో చెప్పిన పద్ధతికి గాఢమైన ఆమ్లాలు కావాలి, అవి యానాంలో ఎక్కడ దొరుకుతాయి, దొరికినా కుండల్లో కాచేవి కావు. అప్పుడు మా లెక్చరరుగారు క్లాసులో చూపించినది గుర్తొచ్చింది. రాగితీగని చుట్టగా చుట్టి మంటలో నల్లబడేదాకా కాల్చి, వేడిగానే స్పిరిట్ ఆవిర్లో దింపారు. నలుపు పోయి ఎర్రగా కొత్తపెళ్ళికూతురిలా బయటికొచ్చింది, స్పిరిట్ మాత్రం ముక్కు బద్దలయ్యే వాసనొచ్చే ఇంకేదో అయిపోయింది. ముందు వరసలో కూచున్న నేను తుమ్మి తుమ్మి చచ్చాను కనక మర్చిపోలేదు. వేడి రాగికి ఆల్కహాల్ దగ్గర్నుంచి హైడ్రోజన్ని విడదీసే గుణం ఉంది, పైగా తను అరిగిపోదు, పని చేయించి మళ్ళీ తనలా తను ఉంటుంది. ఒక కాలిన తీగ స్పిరిట్‌కి చేసిన పని ఒక రాగి గొట్టం బోర్నియాల్‌కి ఎందుకు చెయ్యదు?

వెంటనే మెట్టకూరు వెళ్ళి, చెంబులూ బిందెలూ చేసే కంచరి ఆయనతో చెప్పాను, చేతెడు పొడవు రాగి గొట్టం ఒకటి చేసిపెట్టి, రేకు కత్తిరింపులు ఎన్నుంటే అన్ని ఇమ్మని.

"ఆయ్, ముక్కలకేం తక్కువండీ, బస్తాడు అట్టుకెళ్ళండి. ఇంతకీ దేనికండీ టీచరుగారూ?"

కర్పూరం చెయ్యడానికి అన్నాను. ఆయన కొలిమి తిత్తి వదిలేసి నన్ను ఎగాదిగా చూశాడు. రాగిలోంచి కర్పూరమా అండీ అని అడిగి, నేను అవునన్నట్టు తలూపేసరికి, పాపం ఎండలో వచ్చారు, మజ్జిగ తాగండి అన్నాడు. గొట్టం మాత్రం ముచ్చటగా చేసిపెట్టాడు.

ఫ్రెంచివాళ్ళ అలవాటు ఇంకా పోలేదు కనక మా బడికి గురువారం కూడా సెలవే. బావగారు వచ్చేలోగా ఒక గురువారమూ, ఒక ఆదివారమూ నా ప్రయోగానికి దొరికాయి. పెరట్లో రెండు ఊక పొయ్యిలు పక్కపక్కన పెట్టాం. ఒకదాని మీద బోర్నియాల్ కుండ. దాని మూతిలోంచి రాగి గొట్టం రెండో పొయ్యి మీదుగా పోయి, అవతల మూతీ మూతీ కలిపిన జంట కుండల్లో చేరుతుంది. పై కుండకి చిన్న చిల్లు పెట్టి, విడిపోయిన హైడ్రోజన్ బయటికి పోవడానికి సన్నటి గొట్టం దూర్చాం. అతుకులన్నీ అత్తయ్య చేతి బంకమట్టి. గొట్టం ఎంత వేడెక్కిందో ఎలా తెలుస్తుంది? బళ్ళో ఉన్న థర్మామీటరు నీళ్ళు మరిగేవరకే చదువుతుంది. అందుకని ఒక ఉపాయం చేశాను. గొట్టానికి తగరపు ముక్క ఆనిస్తే కరగాలి, సీసపు ముక్క ఆనిస్తే కరగకూడదు, ఆ రెంటి మధ్య వేడి నాకు కావలసిన వేడి. ఈ ఉపాయం తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకుని ఒక అరిసె ఎక్కువ తిన్నాను. మిగిలినదల్లా గొట్టంలో కూరే రాగి ముక్కలు. వాటిని నిప్పుల్లో నల్లగా బొగ్గులా కాల్చి పెట్టాను. ఆ నలుపే కీలకం. లోపలికి వచ్చిన ఆవిరి ఆ నలుపుని లాగేస్తే కింద నుంచి మృదువైన కొత్త రాగి, గుల్లగుల్లగా, బయటపడుతుంది. పని చేసేది ఆ గుల్లరాగే. నున్నటి రాగి మీద ఆవిరి జారిపోతుంది తప్ప ఏమీ జరగదు.

మొదటి గురువారం పొయ్యిలు రాజేశాం. తగరం కరిగింది, సీసం కరగలేదు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సన్న గొట్టంలోంచి మాత్రం గాలి కూడా రాలేదు. చల్లారాక కుండ విప్పి చూస్తే తెల్లటి రవ్వలు పట్టుకునే ఉన్నాయి. గీకి నీళ్ళ మీద చల్లాను. మునిగాయి. ముక్కలు సరిగ్గా కాలలేదనుకుని ఆదివారానికని మళ్ళీ బొగ్గులా కాల్చి పెట్టాను. ఆదివారం నేను లేచేసరికే అత్తయ్య పొయ్యిలు సిద్ధం చేసి, ముక్కలు కూడా గొట్టంలో కూరేసి ఉంచింది, కిందటిసారి లాగే, నాకు శ్రమ తప్పుతుందని. మళ్ళీ రాజేశాం, మళ్ళీ చల్లాం, మళ్ళీ మునిగాయి. నాన్నగారు వీధి వాకిట్లోంచి తొంగిచూసి, ఊక అయినా మిగల్చండర్రా అని వెళ్ళిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. లెక్క తప్పిందా, పుస్తకం తప్పిందా, నేను చదివిన చదువే తప్పా అని తల బాదుకున్నాను. ఇక గురువారం ఒక్కటే మిగిలింది, ఆవేళే బావగారు వస్తారు.

బుధవారం బడి నుంచి కాస్త పెందరాళే వచ్చేశాను. పెరట్లోకి వెళ్ళేసరికి బావి దగ్గర అత్తయ్య చతికిలబడి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, చింతపండూ బూడిదా పక్కన పెట్టుకుని, దేన్నో రుద్దేస్తోంది, వొంట్లో ఉన్న దుఃఖమంతా దాని మీద చూపిస్తున్నట్టు. దగ్గరికెళ్ళి చూద్దును గదా, నా రాగి ముక్కలు! పొద్దున్న నేను మాడ్చి మసిబొగ్గు చేసి చల్లారబెట్టిన ముక్కలు ఒక్కొక్కటీ ఎండలో తళతళ మెరిసిపోతున్నాయి. నా గొంతులోంచి వచ్చిన కేక దొడ్డివాకిలి దాటి వెళ్ళుంటుంది.

"ఏంటే ఆ అరుపు, పిల్లి మీద పడ్డట్టు? అంత నల్లటి రాగి ఇంట్లో ఉంచుకుంటారేంటే ఎవరైనా? నువ్వు కాల్చి పారేస్తుంటే మసి పట్టిందనుకుని ప్రతిసారీ నేనే తోమి కూరుతున్నా. శుభ్రంగా ఉంటే ఆవిరి బాగా పట్టుకుంటుంది కదా!"

ప్రతిసారీ! నేను కాల్చినదంతా ఆవిడ ప్రతిసారీ చింతపండుతో తోమి, నున్నగా చేసి, ఎంతో ప్రేమగా గొట్టంలో కూరిపెట్టింది. నేను నేల మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి మొదలుపెట్టాను. సంగతి చెప్పేసరికి అత్తయ్య చేతిలో చింతపండు జారిపోయింది. అంటే నా బతుకు నేనే తోమేసుకున్నానా అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరుక్షణం ఆవిడకీ నవ్వొచ్చింది. ఇద్దరం బావి చప్టా మీద కూచుని కడుపు పట్టుకుని నవ్వుతుంటే, రేపు ప్రయాణం పెట్టుకుని ఈ నవ్వులేంటర్రా అని మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం ముక్కల్ని మళ్ళీ కాల్చాం, ఈసారి అత్తయ్యే దగ్గరుండి, ఇంకా నల్లగా, ఇంకా నల్లగా అని నిప్పుల్లోకి తోసింది.

గురువారం పొద్దున్నే రాజేశాం. తగరం కరిగింది. నేను సన్న గొట్టం చివర తడి వేలు పెట్టి చూస్తే చల్లగా ఊదుతోంది! గాలి వస్తోంది! కుండల్లో ఉన్న మామూలు గాలంతా పోయేదాకా ఓపిక పట్టి, పట్టలేక పట్టి, పొడవాటి కొబ్బరి ఈనె చివర వెలిగించి దూరం నుంచి అందించాను. టప్పుమని, కంటికి ఆనీ ఆననంత లేతనీలం మంట లేచి నిలబడింది. అబ్బ! ఈ కళ్ళతో నేను ఎన్నో చూశాను గాని అంత అందమైన మంట మళ్ళీ చూడలేదు. అది హైడ్రోజన్. మాకు అక్కర్లేని ఆ రెండు పరమాణువులూ సెలవు తీసుకుని వెళ్ళిపోతున్నాయి. అత్తయ్య తల్లీ తల్లీ అంటూ దానికి దణ్ణం పెట్టేసింది. నేను దాని చుట్టూ గంతులేశాను, టీచరునన్న సంగతి కూడా మర్చిపోయి.

ఆ సంబరంలో ఒకటి చూసుకోలేదు. కర్పూరం ఎక్కడ చల్లబడితే అక్కడ గడ్డకట్టుకుపోతుంది. సన్న గొట్టంలో కూడా కట్టడం మొదలుపెట్టింది. నీలం మంట చిన్నదై చిన్నదై ఆరిపోయింది. అప్పుడే వీధిలోంచి నాన్నగారి గొంతు వినపడింది, రండి బావగారూ రండి, దొడ్డివైపు నీడగా ఉంటుంది అని. దరియాలతిప్ప పడవ దిగి బావగారు వచ్చేశారు. ఆయన కాళ్ళు కడుక్కోడానికి మా అమ్మ పళ్ళెం పెట్టి నీళ్ళు నింపింది. ఆయన ఒక కాలు చెప్పులోంచి తీశారో లేదో, ఢామ్మని పై కుండ ఎగిరి కొబ్బరిచెట్టు మొదట్లో పడి ముక్కలైంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుండలో ఉన్నదంతా మాత్రం గాల్లోకి లేచి తెల్లగా, మెత్తగా, మంచు కురిసినట్టు మా అందరి మీదా కురిసింది. బావగారి తలపాగా మీద, మీసాల మీద, నాన్నగారి భుజాల మీద, తులసికోట మీద. పెరడంతా గుప్పున దేవుడి గది వాసన!

బావగారు కెవ్వుమని, ఇదేం ఇల్లండీ బాబూ అంటూ మీసాలు దులుపుకుంటుంటే నాన్నగారికి అది వినపడనే లేదు. ఆయన వంగి కాళ్ళ నీళ్ళ పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. అందులో పడ్డ రవ్వలు మునగలేదు. గిర్రుగిర్రున తిరుగుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పళ్ళెం అంచు దాకా పరిగెత్తి మళ్ళీ వెనక్కొస్తున్నాయి. నాన్నగారు నాకేసి చూశారు, అత్తయ్యకేసి చూశారు. మొహమంతా ఊక మసి, చేతులకి మోచేతుల దాకా బంకమట్టి, జుట్టు నిండా కర్పూరంతో, ఆవిడ తలుపు చాటుకి వెళ్ళాలన్న సంగతి కూడా మర్చిపోయి బావగారి ఎదుటే నిలబడి ఉంది. అప్పుడు నాన్నగారు ఒక ప్రశ్న అడిగారు. ఆవిడ భర్త పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో గాని ఈ ఇంట్లో గాని ఒక్కరు కూడా ఆవిణ్ణి అడగని ప్రశ్న.

"నువ్వేమంటావే?"

అత్తయ్య చేతుల బంకమట్టి కొంగుకి తుడుచుకుంది.

"నేను రానండి, బావగారూ. నాకు పనుంది."

ఆ మాట అంటూ ఆవిడ తలెత్తింది. అప్పుడా మొహంలో నేను చూసిన వెలుగు మీకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. బావగారు మజ్జిగ తాగి, మీసాలు మరోసారి దులుపుకుని, పడవ ఎక్కి ఒక్కరే వెళ్ళిపోయారు. ఆ పెట్టెడు సరుకూ వెడల్పాటి గొట్టం మార్చుకుని, గురువారాలూ ఆదివారాలూ నేనూ, మిగతా రోజుల్లో ఆవిడా, విడతలు విడతలుగా కర్పూరం చేశాం. మర ఆగలేదు. ఊళ్ళోకి కాగితం పొట్లాల్లో ఫ్యాక్టరీ కర్పూరం వచ్చి, మా బిళ్ళలు అడిగేవాళ్ళు లేకుండా పోయేదాకా అత్తయ్య ఆ పిడి వదల్లేదు. ఆఖరి రోజుల్లో మంచాన పడ్డాక కూడా ఎవరైనా చూడ్డానికొచ్చి ఎక్కువసేపు కూచుంటే, ఇక వెళ్ళిరండి నాకు పనుంది అని పంపేసేది.

ఇప్పుడు మా ఊరూ మారింది, మనుషులూ మారారు. పొద్దున్నే ఆడపిల్లలు బ్యాగులు తగిలించుకుని బస్సులకి పరిగెడుతుంటారు, చూస్తే నాకు కడుపు నిండుతుంది. కాని ఎవర్ని పలకరించినా ఒకటే మాట, పనుందండీ, చచ్చేంత పనుందండీ అని, మొహం మాడ్చుకుని. వాళ్ళని తప్పుపట్టను, ఆ అలసట నిజమైనదే. నా మటుకు నాకు ఇప్పుడు ఏ పనీ లేదు. కూచోండి, మీరెందుకు లేస్తారు, మీకెందుకండీ శ్రమ అని అందరూ ఎంతో ప్రేమగా అంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా తలెత్తి, అత్తయ్యలాగా ఆ ఒక్క మాట అనాలని నాకు ఎంత ఉంటుందో చెప్పలేను.